ఇన్‌ఛార్జి ఓనరు

సూరంపేటలో సొంతిల్లున్న ప్రతివాడూ తనకు తానే అద్దె కట్టుకుంటున్నాడనీ, పాపం ఆ సంగతి వాడికే తెలియదనీ పట్నం నుంచి వచ్చిన ఒక ఆర్థిక నిపుణుడు వర్తక సంఘం హాల్లో చెప్పాడు. చెప్పి, శాలువా కప్పించుకుని, సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు. ఇల్లు కొనడం లాభమా, అద్దెకుండటం లాభమా తేలాలంటే ఒక చిన్న ఊహ చెయ్యాలట. ఆ ఇంటిని పరాయివాడికిస్తే ఎంత వచ్చేదో, అంత సొమ్మూ సొంతింటివాడు తనకు తాను చెల్లించుకుంటున్నట్టు అనుకోవాలట. విన్నవాళ్లు అలాగే అనుకుని, టీ తాగి ఇళ్లకు పోయారు. ముందు వరసలో కూర్చున్న మునిసిపల్ కమిషనరు గారు మాత్రం అనుకోవడంతో ఆగలేదు.

"తెలియకుండా కట్టుకుంటున్నారంటే, రసీదు లేకుండా కట్టుకుంటున్నారన్నమాట!" అన్నారాయన మర్నాడు సిబ్బంది సమావేశంలో.

ఊళ్లో అంతమంది జనం రసీదు లేకుండా లావాదేవీలు జరుపుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదాయన. నెల తిరక్కుండా కౌన్సిల్లో తీర్మానం అయింది. పథకం పేరు ‘స్వగృహ స్వీయ అద్దె క్రమబద్ధీకరణ’. ఉద్దేశం గొప్పది. సొంతిల్లు వల్ల తాను బాగుపడ్డాడో చెడ్డాడో ప్రతి పౌరుడికీ తెలియజెయ్యాలి. తెలియాలంటే లెక్క ఉండాలి. లెక్క ఉండాలంటే అద్దె ఉండాలి. అద్దె ఉండాలంటే ఎవరో ఒకరు కట్టాలి. ఇందులో ఫలానా మాట తప్పు అనగలిగినవాడు సూరంపేటలో లేడు. ఉంటే ఆ రోజు కౌన్సిల్‌కి రాలేదు.

అప్పటికి మోటార్ వైండింగ్ షాపు కోటిలింగం సొంతింట్లో చేరి ఎనిమిది నెలలయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గదా, ఆయన ఒకే ఏడాదిలో రెండూ చేసి చూశాడు. ఆ తరవాత చూసుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. బ్యాంకు వాయిదా నెలకు పన్నెండు వేలు. అదే వీధిలో అంతకన్నా గాలి వచ్చే ఇల్లు ఎనిమిది వేలకు అద్దెకు దొరుకుతుంది. "ఆ వడ్డీ సొమ్ముతో ఈ జన్మంతా అద్దెకుండొచ్చు గదా బావా" అని బావమరిది లెక్కగట్టి మరీ చెప్పాడు. ఆ లెక్క కోటిలింగానికి తెలియక కాదు. కానీ ఆయన భార్య సుభద్ర దగ్గర ఇంకో లెక్క ఉంది.

పాతికేళ్ల కిందట కూతురు హైమ పుట్టినప్పుడు వాళ్లు తాయారమ్మ గారింట్లో అద్దెకుండేవాళ్లు. బారసాలకి ఉయ్యాల వేద్దామని సుభద్ర దూలానికి కొక్కెం బిగించబోతే, తాయారమ్మ గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నా ఇంటికి మేకు కొడితే నా గుండెలో కొట్టినట్టే" అంది. పురుడు కూడా తన ఇంట్లో వద్దంది. దాంతో సత్రంలో ఒక గది తీసుకుని, ఎవరిదో తొట్టి తెచ్చి, రెండు బల్లల మీద ఆనించి, ఊగని ఉయ్యాలలో పిల్లకి పేరు పెట్టారు. ఆ రోజు సుభద్ర పట్టిన పట్టు ఒకటే. తన మనవడో మనవరాలో తన సొంత కప్పు కింద ఊగాలి. ఆ తరవాత ఆరు అద్దె ఇళ్లు మారినా, చిట్టీలు పాడినా, గాజులు తాకట్టు పెట్టినా అంతా ఆ కొక్కెం కోసమే. ఇల్లు దాని చుట్టూ కట్టారు.

అంత కావలసిన కొక్కెం స్లాబు పోసేటప్పుడే పెట్టొచ్చు గదా అంటే, పెట్టబోయారు. మేస్త్రీ ఇనప చువ్వ వంచబోయి ఆగాడు. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటదమ్మా. పాపకి పెళ్లయి నెల్రోజులు కాలేదు. ఇప్పుడే కొక్కెం పెడితే దిష్టి కొట్టుద్ది. కడుపు పండాక చిన్న బెజ్జం కొట్టి బిగిద్దాం, ఎంతసేపు పని?" అన్నాడు. సుభద్ర చెంపలు వేసుకుంది. ఈ వ్యవహారం మొత్తంలో ఆ కుటుంబం చేసిన తప్పేదన్నా ఉంటే అదొక్కటే. కొక్కెం అప్పుడే పెట్టుంటే మునిసిపాలిటీ దాన్ని నిర్మాణంలో భాగం కింద జమకట్టి వదిలేసేది.

ఒకటో తారీఖు పొద్దున్నే రెవెన్యూ ఇనస్పెక్టరు విశ్వేశ్వరం గేటు తీసుకుని వచ్చాడు.

"తమరు సదరు గృహమందు ఏ హోదాలో నివసిస్తున్నారు?"

"ఇల్లు నాదేనండి."

"అది యాజమాన్యం. నేను నివాసం గురించి అడుగుతున్నాను. యజమాని హోదాలో తమరు ఈ ఇంటిని అద్దెకిచ్చారు. అద్దెదారు హోదాలో తమరే పుచ్చుకున్నారు. ఎంతకి?"

"నాకు నేను ఎంతకని ఇచ్చుకుంటానండీ?"

"మార్కెట్ రేటుకి. తగ్గించి ఇచ్చుకుంటే బంధుప్రీతి కిందకి వస్తుంది."

అద్దె ఎనిమిది వేలని ఖాయమైంది. అద్దెదారు తన ఎడమ చేత్తో ఇచ్చి యజమానిగా కుడి చేత్తో పుచ్చుకోవాలని మార్గదర్శకాల్లో ఉందన్నాడు విశ్వేశ్వరం. లోపల్నించి సుభద్ర "నట్టింట్లో ఎడం చేత్తో డబ్బిస్తారా, ఇంకేమన్నా ఉందా!" అని కేకేసింది. విశ్వేశ్వరం కూడా ఇల్లాలున్నవాడే గనక ఇబ్బందిపడ్డాడు. చివరికి ఒక పళ్లెం తెప్పించారు. కోటిలింగం బియ్యం డబ్బాలోంచి తెచ్చిన ఎనిమిది వేలూ కుడి చేత్తో పళ్లెంలో పెట్టి, ఒక అడుగు పక్కకి జరిగి, మళ్లీ కుడి చేత్తోనే తీసుకున్నాడు. ఆ దృశ్యాన్ని ప్రభుత్వం తరఫున చూసినందుకు సాక్షి రుసుం నూట అరవై. అది మాత్రం ఒకసారి పళ్లెంలో పెట్టాక ఎవరూ తిరిగి తీసుకోకూడదు.

"పోన్లే, నూట అరవైతో వదిలింది" అన్నాడు కోటిలింగం ఆయన వెళ్లాక, సుభద్రతో.

వదల్లేదు. అద్దె ఉన్నచోట ఒప్పందం ఉండాలి. సూరంపేటలో అద్దె ఒప్పందం అంటే రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంటు రైటరు దగ్గరుండే పదకొండు నెలల అగ్రిమెంటే. ఊళ్లో ఏ ఓనరుకి ఏ అద్దెవాడితో పేచీ వచ్చినా, ఆ పేచీ ఒక షరతుగా మారి అందులో చేరుతుంది. చేరిన షరతు మళ్లీ బయటికి రాదు. అలా ఆ అగ్రిమెంటు ముప్ఫై ఏళ్లుగా పెరుగుతోంది. రాత్రిపూట రుబ్బకూడదు. మేడ మీద వడియాలు పెట్టకూడదు. చుట్టాలు మూడు రోజులకు మించకూడదు. గోడకి గానీ స్లాబుకి గానీ ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా మేకు కొట్టకూడదు. ఇంట్లో పురుడు గానీ మైల గానీ పట్టకూడదు. అద్దె ఇళ్లలో బతికినవాడెవడూ దాన్ని చదవడు. చదివితే మాత్రం, సంతకం పెట్టక రోడ్డు మీద ఉంటాడా? కోటిలింగం కూడా పాత అలవాటు కొద్దీ చదవకుండా ఓనరు దగ్గరొకటి, అద్దెదారు దగ్గరొకటి సంతకాలు పెట్టి, రైటరుకి మూడొందలిచ్చి వచ్చాడు.

షరతుల సంగతి మొదట పక్కింట్లో బయటపడింది. పక్కింటి బసవయ్య బళ్లో లెక్కల మేష్టారుగా రిటైరయ్యాడు. పిల్లలు కొనిచ్చిన గోడ గడియారాన్ని తగిలించబోతుంటే విశ్వేశ్వరం చూసి, అద్దెదారు మేకు కొట్టరాదని ఆపేశాడు. అప్పట్నించీ ఆ గడియారం సోఫాలో కూర్చుని టైము చెబుతోంది. వచ్చినవాళ్లు దాని పక్కన సర్దుకుని కూర్చుంటున్నారు.

"మా ఇంట్లో నాకే పరాయితనంగా ఉందమ్మా" అంది బసవయ్య భార్య ఝాన్సీ, గోడ మీంచి సుభద్రతో. సుభద్ర నవ్వింది. అదే ఆఖరి నవ్వు.

ఎందుకంటే ఆ వారమే హైమ పురిటికి వచ్చింది. ఏడో నెల. కడుపు పండింది గనక మాట ప్రకారం మేస్త్రీ కూడా వచ్చాడు, డ్రిల్లింగ్ మిషనుతో. ఆ మిషను ఒక్కసారి గుర్రుమంది. రెండోసారి అనేలోపు విశ్వేశ్వరం గుమ్మంలో ఉన్నాడు.

"ఓనరు అనుమతి ఏదీ?"

"ఓనర్ని నేనే గదండీ. ఇచ్చేశాను అనుమతి."

"తమరు ఇంటి లోపల ఉన్నారు. లోపల ఉన్నంతసేపూ అద్దెదారు. ఓనరు హోదాలో మాట్లాడాలంటే బయటికి రావాలి."

కోటిలింగం చెప్పులేసుకుని గేటు బయట ఎండలో నిలబడి, కొక్కెం కొట్టుకోవచ్చని తన ఇంటి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. లోపలికి వచ్చి, విన్నానని చెప్పాడు. విశ్వేశ్వరం మొహం గంభీరంగా మారిపోయింది.

"అద్దెదారు అడగడం, ఓనరు వెంటనే ఒప్పుకోవడం, మధ్యలో ఒక్క మాట బేరం లేకపోవడం! ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది చూళ్లేదండీ. ఇది స్పష్టంగా కుమ్మక్కు."

మూడో రోజుకి ఉత్తర్వు వచ్చింది. అద్దెదారుతో కుమ్మక్కయిన కారణంగా కోటిలింగాన్ని ఓనరు పదవి నుంచి సస్పెండు చేశారు. విచారణ పూర్తయ్యేవరకు సదరు గృహానికి ఇన్‌ఛార్జి ఓనరుగా మునిసిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు నీలాద్రిని నియమించారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమంటే ఇదేనన్నమాట.

నీలాద్రి సన్నగా, ఒద్దికగా ఉండే మనిషి. మొదటి రోజు చెప్పులు గేటు దగ్గరే విడిచి, "ఇక్కడ కూచోవచ్చాండీ?" అని అడిగి మరీ వరండాలో కుర్చీ వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ అద్దె ఇళ్లలోనే బతికాడు. తొమ్మిది మంది ఓనర్లను చూశాడు. సుభద్రకి ఆ మనిషిని చూస్తే జాలేసి కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో అందుకుని, "మా ఓనరుకి నేను కూడా రోజూ ఇలాగే ఇస్తానండి. తాగేసి నీళ్ల మోటారు కట్టేస్తాడు" అన్నాడు.

రెండో రోజు మోటారు కట్టేశాడు.

ఏం చెప్పమంటారు! తొమ్మిది మంది దగ్గర నేర్చుకున్న చదువంతా ఒక్కసారి బయటికి వచ్చింది. నాలుగో రోజుకల్లా కుర్చీ మీద తువ్వాలు పరుచుకున్నాడు. వారం తిరిగేసరికి గేటు చప్పుడైతే చాలు తలెత్తి, "ఎవరొచ్చిందీ? ఎన్నాళ్లుంటారూ?" అంటున్నాడు. బట్టలారేసిన తీగ కేసి చూసి, "ఇద్దరే అన్నారు గదా, ఇన్ని బట్టలేమిటి?" అన్నాడు. ఝాన్సీ కరివేపాకు కోసం వస్తే, చెట్టు ఓనరుదన్నాడు. హైమ వరండాలోకి వచ్చి నడుం పట్టుకుని నిలబడితే ఎగాదిగా చూసి, "పురిటికొచ్చారా? ఈ సంగతి ముందే చెప్పాలి గదమ్మా. దిగేటప్పుడు ఒక మాటా, దిగాక ఒక మాటానా?" అన్నాడు.

"బాబూ, ఆ కొక్కెం సంగతి" అంది సుభద్ర, ఒళ్లు మండుతున్నా గొంతు తగ్గించి.

ఆ ఒక్క మాటకి నీలాద్రి మళ్లీ మామూలు మనిషయ్యాడు. "అబద్ధమెందుకమ్మా, నా చేతిలో లేదు. ఇన్‌ఛార్జిలకి రోజువారీ అధికారాలే ఉంటాయి. కాదనొచ్చు. అవుననాలంటే రెగ్యులర్ ఓనరు రావాలి."

"ఆ రెగ్యులర్ ఓనరు ఈయనేగా!"

"ఆయన సస్పెన్షన్లో ఉన్నారమ్మా" అన్నాడు నీలాద్రి, పక్కనే నిలబడ్డ కోటిలింగాన్ని జాలిగా చూస్తూ.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకటో తారీఖు వచ్చినప్పుడల్లా కోటిలింగం పళ్లెంలో ఎనిమిది వేలు పెట్టేవాడు. ఓనరు సస్పెన్షన్లో ఉన్నాడు గనక తీసుకోవడం నీలాద్రి వంతు. ఆ డబ్బు మునిసిపాలిటీ ఖాతాలో భద్రంగా ఉంటుందని, విచారణలో నిర్దోషి అని తేలితే తిరిగిస్తారని చెప్పాడు. దాంతో కోటిలింగం సూరంపేట మొత్తంలో ఒకే ఇంటికి బ్యాంకు వాయిదా, అద్దె రెండూ కట్టే మొదటి మనిషయ్యాడు. సొంతిల్లు లాభమా నష్టమా తేలడానికి ఇంతకంటే స్పష్టమైన లెక్క దొరకదని విశ్వేశ్వరం ఆయన్ని మెచ్చుకున్నాడు కూడా.

హైమకి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కోటిలింగం స్వీటు పాకెట్టుతో ఇంటికొస్తే నీలాద్రి లేచి నిలబడి మనస్ఫూర్తిగా సంతోషించాడు. ఒక లడ్డూ తిన్నాడు. చెయ్యి తుడుచుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "అన్నగారూ, అగ్రిమెంటులో పురుడు పట్టకూడదని ఉందండి. పురుడు వెళ్లేదాకా పాపని లోపలికి రానివ్వడానికి లేదు. నేనైతే కళ్లు మూసుకుందును. కానీ సాయంత్రం విశ్వేశ్వరం గారు తనిఖీకి వస్తారు."

కోటిలింగం స్వతహాగా నెమ్మదైన మనిషి. ఆ పూట మాత్రం చేతిలో ఉన్న స్వీటు పాకెట్టు అరుగు మీద విసిరికొట్టాడు. పాతికేళ్ల కిందట తాయారమ్మ గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఆయనకంత కోపం రాలేదు. ఆ ఇల్లు ఆవిడది. ఇది తనది. తన రక్తం తన గడప తొక్కకూడదా? ఆ ఊపులోనే వెళ్లి కమిషనరు గారి గదిలో నిలబడ్డాడు.

కమిషనరు గారు సాంతం విన్నారు. ఆయనలో ఉన్న గొప్పగుణం అదే, ఎవరు ఏం చెప్పినా సాంతం వింటారు.

"తమ ఆవేదనను ఈ కార్యాలయం సానుభూతితో పరిశీలించింది. మార్గం లేకపోలేదు. ఓనరుకి తన సొంత అవసరానికి ఇల్లు కావలసివస్తే అద్దెదారుని ఖాళీ చేయించవచ్చు. ఆ మేరకు తమరు తమ మీద అర్జీ పెట్టుకోండి."

"నేను సస్పెన్షన్లో ఉన్నాను గదండీ."

"సస్పెన్షన్లో ఉన్నవాడికి అర్జీ పెట్టుకునే హక్కు తప్ప మరేం మిగుల్తుంది?"

విచారణ అప్పటికప్పుడే మొదలైంది. రెండు కుర్చీలు వేశారు. ఎడమ కుర్చీలో కూర్చుని కోటిలింగం ఓనరుగా చెప్పుకున్నాడు: "నా ఇల్లు నాక్కావాలండి. మనవరాలు పుట్టింది. రేపు ఆస్పత్రి నుంచి పంపించేస్తారు." తరవాత లేచి కుడి కుర్చీలోకి మారి అద్దెదారుగా చెప్పుకున్నాడు: "నాకేం అభ్యంతరం లేదండి. ఈ నిమిషమే ఖాళీ చేస్తాను."

కమిషనరు గారు కళ్లద్దాలు తీశారు. "అద్దెదారు భయపడుతున్నట్టు కనిపిస్తున్నాడు. ఓనరు ఒత్తిడి ఏమైనా ఉందా?"

"ఏ ఓనరండీ?" అన్నాడు కోటిలింగం.

"చూశారా, పేరు చెప్పడానికి కూడా జంకుతున్నాడు. రాసుకోండి" అన్నారు కమిషనరు గారు, పక్కనున్న విశ్వేశ్వరంతో. "అద్దెదారు కుటుంబంలో ఒక బాలింత, ఒక పసికందు ఉన్నట్టు ఓనరే స్వయంగా అంగీకరించాడు. అలాంటి కుటుంబాన్ని రోడ్డు మీద పడెయ్యడం అమానుషం. ఖాళీ చేయించడానికి వీల్లేదు. అర్జీ కొట్టివేయడమైనది."

"అయితే బాలింతని ఇంటికి తెచ్చుకోవచ్చాండీ?"

"అదెలా కుదురుతుంది? పురుడు పట్టకూడదని ఒప్పందంలో ఉంది గదా. సంతకం తమరిదే. రెండూ తమరివే."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కోటిలింగం రెండు కుర్చీలకూ దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద సుభద్ర కూర్చుని ఉంది. పక్కన బసవయ్య, ఝాన్సీ. హైమ కోసం పత్యం వండి క్యారేజీలో తెచ్చారు. జరిగిందంతా కోటిలింగం చెప్పాడు. సత్రంలో గది ఖాళీగా ఉందేమో కనుక్కుంటానని కూడా అన్నాడు. సత్రం మాట వినగానే సుభద్ర కళ్లు తుడుచుకుంది.

"సత్రం లేదు, గిత్రం లేదు. నా కూతురికైన గతి నా మనవరాలికి పట్టనివ్వను. ఇంతకీ మనకి కావలసిందేమిటి? సరేననే ఓనరు. అంతేగా?" అని బసవయ్య వైపు తిరిగింది. "అన్నయ్య గారూ, మీ ఇల్లు మాకు అద్దెకిస్తారా?"

"మరి మేం ఎక్కడుంటాం?" అంది ఝాన్సీ.

"మా ఇంట్లో. మీరు మా ఇంట్లో అద్దెకుండండి, మేం మీ ఇంట్లో అద్దెకుంటాం. అప్పుడు ఓనరు ఓనరే, అద్దెవాళ్లు అద్దెవాళ్లే. మీరు మమ్మల్ని సరేనంటారు, మేం మిమ్మల్ని సరేనంటాం. మధ్యలో ఈ కుర్చీలాటలుండవు."

లెక్కల మేష్టారు కాసేపు వేళ్లు మడిచి విప్పి, "చెల్లెమ్మ చెప్పింది సరిపోతుంది. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది" అన్నాడు. ఆయన మనసులో ఉన్నది సోఫాలో గడియారమని ఝాన్సీకి వెంటనే తెలిసింది.

ఈసారి డాక్యుమెంటు రైటరు దగ్గరికి పోలేదు. బసవయ్యే ఒక తెల్ల కాగితం మీద ఒకే షరతు రాశాడు. అద్దెదారు ఏ గోడకైనా, ఏ స్లాబుకైనా తనకు కావలసింది కొట్టుకోవచ్చు. రెండు కుటుంబాలూ సంతకాలు పెట్టాయి, చదివి మరీ. ఆ సాయంత్రమే మంచాలూ బీరువాలూ గోడకి అటువి ఇటూ ఇటువి అటూ మారాయి. ఒకరింట్లో ఒకరు పాలు పొంగించుకున్నారు. మర్నాడు హైమ పాపని ఎత్తుకుని బసవయ్య గడప లోపల కుడి కాలు పెడుతుంటే ఆపినవాడు లేడు. మూడో రోజు మేస్త్రీ వచ్చి హాల్లో కొక్కెం బిగించాడు.

విశ్వేశ్వరం పరుగున వచ్చి, మార్గదర్శకాలన్నీ తిరగేసి, ఏమీ దొరక్క వెళ్లిపోయాడు. కుమ్మక్కు కావడానికి రెండో హోదా లేదు గనక కోటిలింగం సస్పెన్షన్ దానంతటదే రద్దయింది. నీలాద్రి మాత్రం వరండాలోనే మిగిలిపోయాడు. ఆయన్ని వెయ్యడానికి ఉత్తర్వు వచ్చింది గానీ తియ్యడానికి రాలేదు. సంగతి తెలిసి ఎదురింటివాళ్లు వాళ్ల వెనకింటివాళ్లతో మార్చుకున్నారు. మూలింటివాళ్లు సందులోవాళ్లతో మార్చుకున్నారు. రెండు వారాల్లో మంచాలు మోసే కూలీలు దొరకడం కష్టమైపోయింది. సూరంపేటలో సొంతిల్లున్న ప్రతివాడూ ఇప్పుడు అద్దెకే ఉంటున్నాడని, ఇల్లు లాభమా అద్దె లాభమా అన్న ప్రశ్నకి ‘సమానం’ అని జవాబు తేలిందని కమిషనరు గారు పైకి నివేదిక పంపారు. వర్తక సంఘం వాళ్లు ఈసారి శాలువా ఆయనకే కప్పారు.

ఇరవై ఒకటో రోజు బారసాల. హాలంతా పేరంటాళ్లు. సన్నజాజులు చుట్టిన ఉయ్యాల, నాలుగు గొలుసులూ పైన కొక్కేనికి పట్టి ఉన్నాయి. హైమ పాపని పడుకోబెట్టింది. ముత్తయిదువలు లాలి పాట ఎత్తుకున్నారు. సుభద్ర మొదటి ఊపు ఊపింది. ఉయ్యాల ఊగింది. పాతికేళ్ల కిందట ఊగనిది ఇవాళ ఊగింది. ఆవిడ కళ్లెత్తి కొక్కెం కేసి చూస్తుంటే నీళ్లు ధారగా కారిపోతున్నాయి. కోటిలింగం కూడా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కప్పు ఎవరిదైతేనేం, పిల్ల ఊగుతోంది గదా అనుకున్నాడు.

అప్పుడు పక్కింట్లోంచి వినిపించింది. ఠక్. ఠక్. ఠక్.

బసవయ్య మంచిరోజు చూసుకుని గడియారానికి మేకు కొడుతున్నాడు. షరతు ప్రకారం కొడుతున్నాడు, తప్పేం లేదు. సుభద్ర చెయ్యి ఉయ్యాల మీద ఆగిపోయింది. నాలుగో దెబ్బకి భుజాలు అదిరాయి. అయిదో దెబ్బకి కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని, పేరంటాళ్లను తోసుకుంటూ గుమ్మం దిగి, గేటు దాటి తన ఇంటి ముందు నిలబడింది. కంగారుపడి వెనకే పరిగెత్తిన కోటిలింగం ఆ కేక విని అక్కడే ఆగాడు.

"అన్నయ్య గారూ! ఆపండి! నా ఇంటికి మేకు కొడితే నా గుండెలో కొట్టినట్టే!"

వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చింది. సుత్తి పట్టుకుని బసవయ్య కిటికీ దగ్గర నిలబడిపోయాడు. ఝాన్సీ వరండాలోకి వచ్చి సుభద్రని చూసింది, తరవాత గోడ అవతల తన ఇంటిని చూసింది. "మరి మా స్లాబుకి కొట్టినప్పుడు నేనేమన్నా అన్నానా వదినా?" అంది మెల్లిగా.

 తను ఇప్పుడే అన్న మాట ఎక్కడిదో సుభద్రకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది.

కుర్చీలోంచి నీలాద్రి లేచాడు. తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. కుర్చీ సీటు చేత్తో ఒకసారి తుడిచి, దాన్ని సుభద్ర వైపు తిప్పాడు.

"కూచోండమ్మా. నా డ్యూటీ అయిపోయినట్టే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఊపేవాళ్లు లేక లోపల పాప ఏడుపు మొదలుపెట్టింది. కోటిలింగం వెళ్లి ఉయ్యాల ఊపాడు.